ఆధారం చూపండి

రాత్రి తలుపులన్నీ వేసేసి, లైబ్రేరియన్ పై అంతస్తులో కూర్చుంది. ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో తమ లైబ్రరీ గురించి తను రాసిన వ్యాసం తెరిచింది. చివర ఎవరో పేరు లేకుండా ఒక వాక్యం చేర్చారు: ‘రాత్రిపూట ఈ భవనంలో ఇద్దరుంటారు.’

ఆమెకు ఒళ్లు మండింది. ఉండేది తనొక్కతే. తీసేసింది. నిమిషంలో మళ్లీ వచ్చింది. మళ్లీ తీసేసి, కొత్తవాళ్లకి ఎప్పుడూ రాసేదే చర్చా పేజీలో రాసింది: ‘ఆధారం చూపండి.’

ఫోన్ మోగింది. ఏడేళ్లుగా ఆమెతో కలిసి వ్యాసాలు దిద్దుతున్న మాస్టారు.

“అమ్మాయ్, మళ్లీ లాగిన్ అవడం మర్చిపోయావా? ఆ వాక్యం పక్కన పేరుకి బదులు మీ లైబ్రరీ నెట్ నంబరు పడుతోంది. నువ్వే రాసి, నువ్వే కొట్టేస్తున్నావేంటి?”

“లాగినయ్యే ఉన్నాను మాస్టారూ. ఆ వాక్యం నేను రాయలేదు.”

“మరి మీ నెట్ ఇంకెవరు వాడుతున్నారు?” అన్నారు మాస్టారు. ఆమె చెవులు రిక్కించింది. కింది నుంచి టకటకమని చప్పుడు వస్తూనే ఉంది. ఇంతసేపూ గోడగడియారం అనుకుంది. తాళం వేసిన పిల్లల గదిలో ఎవరో కీబోర్డు కొడుతున్నారు.

చప్పుడు ఆగింది. తెర మీద, ఆమె అడిగినదాని కింద జవాబు పడింది: ‘తెస్తున్నాను.’

“మాస్టారూ, ఫోన్ పెట్టేయకండి,” అంది.

కింద కుర్చీ వెనక్కి జరిగింది.