ఉడకని మెతుకు

“ఇరవై తొమ్మిది మందితో నాకే బాధా లేదు మేడమ్. ఈ ముప్పయ్యో పేరు చూశాకే గొంతులో పచ్చి వెలక్కాయ పడింది,” అన్నారు ప్రిన్సిపాల్ సూర్యప్రకాశరావు, జాబితాను లెక్కల టీచర్ త్రివేణి ముందుకు తోస్తూ.

చూడకముందే ఆమెకు తెలుసు ఆ పేరు ఎవరిదో. తేజస్వి, తొమ్మిదో తరగతి బి సెక్షన్. హాఫ్ ఇయర్లీలో లెక్కలకి ఎనభైకి పదకొండు మార్కులు. ఆ పేపర్ దిద్దింది కూడా త్రివేణే.

ఏ దేశం పిల్లలు లెక్కల్లో ఎంతవరకు ఉన్నారో తేల్చే సర్వే అది. అరవై దేశాల్లో ఒకే పరీక్ష. నారాయణగూడ మొత్తానికి ఈ ఒక్క స్కూలే తగిలింది. ఎవరు రాయాలో చెప్పే హక్కు స్కూలుకి లేదు. కంప్యూటరే లాటరీ తీసినట్టు ముప్పై పేర్లు తీసి పంపింది. దానికేం తెలుసు పాపం, ఎవరికి లెక్కలొచ్చో ఎవరికి రావో!

“చౌరస్తాలో ఫ్లెక్సీకి ఆర్డరిచ్చేశానండీ. ‘సింగపూర్‌తో పోటీ, మన నారాయణగూడ!’ అని. చిక్కడపల్లి స్కూలు వాళ్ళు చూసి కుళ్ళుకోవాలి. తీరా సగటు పడిపోయి, మన దేశం అట్టడుగున ఉందంటే, ఆ పాపం మన స్కూలుదేనంటారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“అయితే ఏం చెయ్యమంటరు సార్?”

“బదులుగా ఇంకొకర్ని కూర్చోబెట్టడానికి వీల్లేదట. కానీ పిల్లకి జ్వరమొస్తే ఎవరేం చేస్తారు? రేపొక్కరోజు రావద్దని చెప్పండి.”

“లిస్ట్‌ల పేరొచ్చిన కాడి నుంచి ఆ పిల్ల సంబురం అంతా ఇంతా కాదు సార్. ఇన్నేండ్లల్ల దేనికన్న సెలెక్ట్ అయింది ఇదే ఫస్ట్. నేనెట్ల చెప్త?”

“ఆ పిల్ల సంగతి మీకంటే ఎవరికి తెలుసు? మీరు చెప్తే కాదనదు.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సగటు తగ్గితే వచ్చే ఏడు తొమ్మిదో తరగతి లెక్కలు మురళీకృష్ణ గారికి ఇవ్వాల్సి వస్తుంది. మేనేజ్‌మెంట్ మాట ఇది, నాది కాదు.”

పదకొండేళ్ళుగా చెబుతున్న క్లాసు. అది పోతే ఇక మిగిలేది మూడో తరగతి ఎక్కాలే. త్రివేణికి ఒళ్ళు మండింది. జాబితా మడిచి తీసుకుని లేచింది.

స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర తేజస్వి కాచుకుని ఉంది.

“మేడమ్, రేపు స్కేలు వాళ్ళే ఇస్తరా, మనం తెచ్చుకోవాల్నా?”

“చెప్త తియ్యి. క్లాసుకు పో.”

“జపాన్ల పిల్లలు గూడ ఇదే పేపర్ రాస్తరంట గదా మేడమ్? వాళ్ళకు రానిది నాకు ఒక్కటన్న రావొచ్చు గదా?”

త్రివేణి నవ్వబోయి ఆగిపోయింది. చెప్పాల్సిన మాటని సాయంత్రానికి వాయిదా వేసుకుంది.

సాయంత్రం అశోక్ నగర్‌లో, తేజస్వి తండ్రి బాలకిషన్ జిరాక్స్ షాపు ముందు గ్రూప్స్‌కి చదివేవాళ్ళు నోట్స్ పట్టుకుని నిలబడ్డారు. త్రివేణి వాళ్ళని తప్పించుకుని కౌంటర్ పక్కకి వెళ్ళి సంగతి చెప్పింది. ఆయన మిషన్ ఆపకుండానే విన్నాడు.

“లెక్కలు రాని పిల్లను దాచిపెడితే దేశానికి లెక్కలు వస్తయా?”

“నా నౌకరీ సంగతి గూడ జర ఆలోచించాలె.”

“ఆలోచించే అంటున్న. నిన్న కొత్త పెన్సిళ్ళు కొనుక్కున్నది. ఎంత ఖుషీగున్నదో! నేనైతే ఆ మాట చెప్ప.”

తేజస్వి మిషన్ వెనకే స్టూలు మీద కూర్చుని ఆ పెన్సిళ్ళు చెక్కుకుంటోంది. త్రివేణి వంగి, గొంతు తగ్గించి చెప్పింది. రేపు రావద్దు. అడిగినవాళ్ళకి జ్వరమని చెప్తారు.

“నాకు జరం లేదు గదా?” అంది తేజస్వి.

“ఒక్క రోజే.”

“నాకొక్కదానికేనా?”

అవునన్నట్టు తలూపింది త్రివేణి. ఆ పిల్ల ఏడవలేదు. పెన్సిళ్ళకి రబ్బరుబ్యాండు వేసి సంచిలో పెట్టేసింది. ఏడ్చినా బాగుండేదనిపించింది త్రివేణికి.

మర్నాడు పరీక్ష సాఫీగా జరిగిపోయింది. సర్వే తరఫున వచ్చిన సంయుక్త అనే అమ్మాయి ఖాళీ కుర్చీ చూసి, కాగితంలో ‘గైర్హాజరు’ అని రాసుకుంది. ఆమె పేపర్లకి సీలు వేస్తుండగా సూర్యప్రకాశరావు చేతులు నలుపుకుంటూ వచ్చారు.

“మా ర్యాంకు ఎప్పుడు తెలుస్తుందమ్మా? ఫ్లెక్సీలో ఇక ఆ అంకె ఒక్కటే వెయ్యాల్సి ఉంది.”

“ర్యాంకా? స్కూలు పేరుగాని పిల్లల పేర్లుగాని ఎక్కడా బయటికి రావు సార్. చెప్పేది దేశం మొత్తం సగటే.”

“మరి మేం పడ్డ కష్టం?”

“ఇందులో కష్టమేముంది సార్? అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకుని చూస్తాం కదా, ఇదీ అంతే. ఉడికిన మెతుకులే ఏరి చూపిస్తే మాకేం తెలుస్తుంది?” సంయుక్త ఖాళీ కుర్చీ వైపు చూసింది. “ఆ పాప కూడా రాసుంటే బాగుండేది. జ్వరం ఎలా ఉందిప్పుడు?”

“తగ్గింది,” అంది త్రివేణి.

సూర్యప్రకాశరావు ఫ్లెక్సీవాడికి ఫోన్ చేస్తూ బయటికి పరుగెత్తారు.

త్రివేణికి తన మీద తనకే అసహ్యం వేసింది. బడి వదలగానే ఆటో ఎక్కి అశోక్ నగర్ చేరింది. రెండో అంతస్తు మెట్లు ఎక్కుతూ మాటలు కూడబలుక్కుంది. పిల్లని క్షమించమని అడగడానికి నామోషీ ఏముంది? అడగాల్సిందే. తలుపు తట్టింది.

తేజస్వి తలుపు తీసి, పక్కకి జరిగి దారిచ్చింది.

“తప్పు చేసిన తేజూ,” అంది త్రివేణి. “ఎవ్వరి పేర్లూ చెప్పరంట. నువ్వు రాసినా ఏం కాకపోతుండె.”

“పర్లేదు మేడమ్,” అంది తేజస్వి.

కన్నకూతురు ఇంట్లో కూడా మేడమ్ అని పిలవడం అదే మొదటిసారి.