పదో అధ్యాయంలో దగ్గు లేదు

"పిన్నిగారూ, మళ్ళీ దగ్గు!" అన్నాడు వాచీల మెకానిక్ ఫోన్లో. "తొమ్మిదో అధ్యాయం, మూడో నిమిషం. తర్వాత పన్నెండో నిమిషం. పద్నాలుగో నిమిషంలో అయితే రెండుసార్లు. మొత్తం చెప్పమంటే కొట్టు మూసేదాకా చెబుతాను."

"కోసేయకూడదా బాబూ?"

"ఎనిమిది అధ్యాయాలు కోసిందెవరనుకున్నారు?"

ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడని పదకొండు మంది ఆన్‌లైన్ గ్రూపులో చేరి, చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదువుతున్నారు. ఎవరింట్లో వాళ్ళు ఫోన్లో రికార్డు చేసి పంపుతారు. విని, బాగుచేసి, పైకెక్కించే పని ఇతనిది. వాచీ నడకలో తేడాని చెవితోనే పట్టేస్తాడని గ్రూపులో ఇతనికి పాముచెవులాయన అని పేరు. పిన్నికి ఇంకా మంచి పేరుంది. పొల్లు పోకుండా చదువుతుందని. అందుకే న్యాయశాస్త్రం పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. చూపు లేని ఒక అమ్మాయి అది విని పరీక్ష రాయాలి. ఆరు రోజులే ఉన్నాయి. ఇంకా మూడు అధ్యాయాలు మిగిలాయి.

"ఇంతకీ ఆ దగ్గేది ఎవరండీ?"

"మావారు. నేను చదువుతుంటే పక్కనే కూర్చుంటారు."

"మందు తాగించండి."

"మందుకి తగ్గేది కాదులే బాబూ."

అతనికి చిర్రెత్తుకొచ్చింది. దగ్గు పడగానే ఆమె ఆ వాక్యాన్ని మొదటినుంచి మళ్ళీ చదువుతుంది. ఇతను పాడైన ముక్కని వినకుండానే కోసి పారేసి, రెండోది అతికిస్తాడు. ఒక్కో అధ్యాయంలో అలాంటి అతుకులు పదిహేనుకి తక్కువ ఉండవు. బల్ల మీద మూతలు తీసిన వాచీలు వారం నుంచీ అలాగే పడి ఉన్నాయి.

"అయితే ఆయన్ని వేరే గదిలో కూర్చోబెట్టండి. చదివేది మీరా, ఆయనా?"

"ఆయన పక్కన లేకపోతే నాకు ధైర్యం చాలదు" అందామె చిన్న గొంతుతో.

ఈ వయసులో ఈ ముచ్చటేమిటో అనుకున్నాడతను. పైకి మాత్రం, "అక్కడ ఆ పిల్ల పొద్దున లేస్తే 'వచ్చిందా అన్నయ్యా' అని అడుగుతోంది. నేనేం చెప్పాలి? మీరే చెప్పండి" అన్నాడు.

"సరే బాబూ. బయట మెట్ల మీద కూర్చోమంటాను."

మర్నాడు మధ్యాహ్నానికి పదో అధ్యాయం వచ్చింది. అతను ఇయర్‌ఫోన్లు చెవుల్లో దూర్చుకుని, ఎక్కడ దగ్గు వినిపిస్తుందోనని నుదురు చిట్లించుకుని కూర్చున్నాడు. అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. దగ్గు లేదు. గొంతు మాత్రం కొంచెం వణుకుతోంది, అంతే. ప్రాణం లేచొచ్చింది. 'ఇదీ రికార్డింగంటే! అందరూ పిన్నిని చూసి నేర్చుకోండి' అని గ్రూపులో పెట్టాడు. వెంటనే తొమ్మిది చప్పట్ల బొమ్మలు వచ్చి పడ్డాయి. పిన్ని నుంచి మాత్రం ఏమీ రాలేదు.

పైకెక్కించే ముందు అలవాటు కొద్దీ పుస్తకం పేజీల ఫోటోలు తెరిచి, వరుసల వెంట వేలు జరుపుకుంటూ మరోసారి విన్నాడు. రెండో పేజీలోనే వేలు ఆగిపోయింది. పుస్తకంలో సెక్షన్ అరవై మూడు. పిన్ని ముప్పై ఆరు అని చదివింది. పొరబడ్డానేమోనని వెనక్కి జరిపి విన్నాడు. ముప్పై ఆరే. నాలుగో పేజీలో ఏకంగా ఒక వరుస ఎగిరిపోయింది. ఏడో పేజీలో 'ఆ ఒప్పందం చెల్లదు' అని ఉంటే ఆమె 'చెల్లుతుంది' అంది.

ఆ పిల్ల ఇది విని, ఇదే కంఠస్థం చేసి, ఇదే రాసి వచ్చేది. తప్పని తెలుసుకోవడానికి ఆమెకి పుస్తకం చూసే దారి కూడా లేదు. చివరిదాకా విని, తప్పులన్నీ లెక్కపెట్టి ఫోన్ కలిపాడు.

"పిన్నిగారూ, కొంప మునిగేది! అరవై మూడు ముప్పై ఆరయింది. చెల్లనిది చెల్లింది. ఒకటా రెండా, మొత్తం పదిహేడు!"

ఆమె జవాబు కోసం కూడా ఆగలేదతను.

"తొమ్మిది అధ్యాయాలు చదివారు. ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. మీరంటే నాకెంత గురి! ఇప్పుడేమైందండీ మీకు?"

"నేనెప్పుడూ ఇలాగే చదువుతాను బాబూ" అంది పిన్ని. "అందరూ అంతలా మెచ్చుకుంటుంటే చెప్పడానికి మొహం చెల్లలేదు. మావారు ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దారు. గొంతుకి ఆపరేషనయ్యాక మాట పోయింది. తప్పు చదివావే అని నాకు చెప్పడానికి ఆయనకి మిగిలింది ఆ దగ్గొక్కటే."