మూత బిగించిన సీసా

"ఈ సీసా ఎవరు తెరిచారు?"

మామగారి కేక విని కోడలు వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నలభై ఏళ్లు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన గొంతు అది. ఈ మధ్య ఆ ఇంట్లో పట్టుమని పది మాటలు కూడా వినబడటం లేదు.

మాస్టారు హాల్లో నిలబడి ఉన్నారు. చేతిలో పెద్ద గాజు సీసా, అందులో మడతపెట్టిన స్వెట్టరు. పోయిన భార్యది. మూత చుట్టూ వేసిన టేపు ఒకవైపు లేచి ఉంది.

"నేనే మామయ్యగారూ," అంది కోడలు, బుకాయించడం చేతకాక.

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టుకోలేదండీ. మధ్యాహ్నాలు మీ అబ్బాయి ఆఫీసులో ఉంటారు. మీరు గది తలుపేసుకుంటారు. ఇల్లంతా బోసిగా ఉంటుంది. కాసేపు అత్తయ్య వాసన చూసుకుని మళ్లీ మూత పెట్టేస్తాను. అణువంత కూడా పాడుచేయలేదండీ!"

ఆ మాటతో మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అణువంతట, అణువంత! అందరికీ లోకువైపోయిందా మాట. అసలు వాసనంటే ఏమిటనుకున్నావ్? అణువులే! ఆ ఉన్నిని వదిలేసి, గాల్లోకి లేచి, నీ ముక్కులో దూరితేనే నీకు వాసన తెలిసేది. దూరినవి మళ్లీ వెనక్కి రావు. నువ్వు మూత తీసినప్పుడల్లా మీ అత్తయ్య ఇందులోంచి కొంచెం కొంచెంగా వెళ్లిపోయింది. ఇప్పుడు నేనెక్కణ్ణించి తేను?"

కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాకు తెలీదండీ. మీరెప్పుడూ మూత తీయరు కదా, మీకిక అక్కర్లేదేమో అనుకున్నాను. ఆవిడుంటే రోజంతా ఏదో ఒకటి మాట్లాడేవారు. ఇప్పుడు నాతో మాట్లాడే దిక్కే లేదు."

మాస్టారికి కోపం చప్పున చల్లారింది. పక్క గదిలోనే ఉండి కూడా ఈ పిల్ల ఒంటరితనం ఇన్నాళ్లూ తన కంటబడలేదు. సిగ్గేసింది.

"ఒక్కసారి చూసి చెప్పండి మామయ్యగారూ," అంది కోడలు. "ఏమైనా మిగిలిందా? నాకు అలవాటైపోయిందో ఏమో, ఈమధ్య సరిగ్గా తెలియడం లేదు. మొత్తం నేనే పోగొట్టేశానా?"

ఆయన టేపు పూర్తిగా ఊడదీసి మూత తిప్పారు. సీసాలోకి వంగి, కళ్లు మూసుకుని, గుండెలనిండా పీల్చారు. కోడలు ఊపిరి బిగబట్టి ఆయన ముఖంలోకే చూస్తోంది.

"ఉందమ్మా," అన్నారు. "తలనూనె, సబ్బు, అన్నీ అలాగే ఉన్నాయి. నువ్వేమీ పోగొట్టలేదు."

"నిజంగానా?"

"నిజంగానే. రేపట్నుంచి మధ్యాహ్నం నా గది తలుపు తీసే ఉంటుంది. వచ్చి కూర్చో."

కోడలు కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. మాస్టారు మూత బిగించి, కొత్త టేపు తెచ్చి, ఒకటికి రెండు చుట్లు వేశారు.

భార్యను తీసుకుపోయిన జ్వరమే ఆయనకు వాసన తెలియకుండా చేసిపోయింది. ముక్కు ఎప్పటికైనా మళ్లీ పనిచేయవచ్చని డాక్టరు చెప్పారు. ఆ ఒక్క రోజు కోసమే ఆయన ఆ సీసాను దాచుకుంటున్నారు.