పిలవని పేరు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. రఘునాథపల్లి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు.

చేతిసంచితో ఒక ముసలాయన వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. హిందీలో అడిగాడు.

"రూప్లా వాళ్ల తండా ఏది భాయ్? తండ్రి పేరు హాము."

గరిట తిప్పుతున్న సక్రు చెయ్యి ఆగింది.

"ఏ రూప్లా?"

"తొంభై ఏళ్ల కిందట కాలాపానీకి పంపిన రూప్లా. నా పేరు బలరాం. అండమాన్ నుంచి వస్తున్నాను."

పక్కనున్న గణపతి పెద్దగా నవ్వాడు.

"రాష్ట్రం ఇంక రానేలేదు, భూములకు వారసులు దిగుతున్నరు! పెద్దమనిషీ, ముందుగాల పప్పన్నం తిను. ఎనుక వాటా అడుగుదువు గని."

అందరూ నవ్వారు. తెలుగు అర్థం కాని బలరాం కూడా నవ్వి, అందించిన విస్తరాకు తీసుకున్నాడు.

సక్రు నవ్వలేదు. హాము అతని ముత్తాత, రూప్లా తాతకు తోడబుట్టినవాడు. రోడ్డు పక్క నాలుగెకరాలు ఆయన నుంచి వచ్చినవే. ఈమధ్య వాటి ధర అడగనివాడు లేడు.

"నీది ఏ పాడ?" అన్నాడు హిందీలో. కొత్త మనిషి ఎదురైతే లంబాడీలు మొదట అడిగేది వంశం పేరే.

"నాకు తెలియదు."

"పాడ తెల్వనోడివి మా మనిషివెట్లయితవు? గసొంటి పేరు మా తండల లేదు."

"పెద్దవాళ్లెవరైనా ఉంటే ఒక్క మాట చెప్పి పోతాను. రోడ్డు మీద చెప్పే మాట కాదు."

"ఎవ్వరు లేరు. పో."

 బలరాం విస్తరి మడిచి పారేసి, అక్కడే ఆగి ఉన్న యాకయ్య ఆటో ఎక్కి జనగామ స్టేషనుకు వెళ్లిపోయాడు.

పొద్దుగూకి సక్రు ఇంటికి వచ్చేసరికి తల్లి తుల్సీబాయి వాకిట్లోనే కూర్చుని ఉంది.

"ఎవరో రూప్లాను అడిగిండటగద?"

"భూమి కోసం వచ్చిండు, యాడీ," అన్నాడు తల్లితో.

"భూమి పోతే పోనీరా. రూప్లా బతికిండో సచ్చిండో అడిగినవా?"



దీపావళికి తండాలో ప్రతి ఇంటా పొయ్యిలో నిప్పుల మీద నెయ్యి, పాయసం వేసి, చనిపోయిన పెద్దలను పేరుపేరునా అన్నానికి పిలుస్తారు. బతికున్నవాళ్లను పిలవకూడదు. రూప్లా చనిపోయినట్టు ఆ ఇంటికి కబురు రాలేదు. అందుకే ఆయన పేరు ఎవరూ పిలవలేదు. తుల్సీబాయి కోడలిగా వచ్చిన ఏడాదే అత్త ఆ మాటే చెప్పింది.

"కబురు వచ్చేదాక పిలువకు. వచ్చినంక మరువకు."

తుల్సీబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అందరు తింటాంటే ఆయనొక్కడే ఆకలితోని దూరంగ నిలవడ్డట్టు అనిపిస్తదిరా నాకు. పోయి ఆ మనిషిని తోల్కరా."

"రేపు పోత తీ. రైళ్లు బంద్ గద, యాడికి పోతడు?"

తెల్లవారి యాకయ్యే వచ్చాడు. ఆటో దిగకుండా చెప్పాడు.

"సక్రన్నా, నిన్నటి ముసలాయన పానం పోయిందే. రైలు లేకపాయె. ప్లాట్‌ఫారం మీదనే కూలవడ్డడు. దవాఖానకు తీస్కపోయిన, దక్కలే."

సక్రు ఆటో దగ్గరకు వచ్చేసరికి యాకయ్య మిగతాదీ చెప్పాడు.

"ఆయన సెల్లుల నంబరు చూసి బిడ్డకు ఫోన్ చేసిన. ఆ దీవి కెల్లి రావాల్నంటే వారం పట్టేటట్టున్నదట. 'రూప్లా వాళ్లు దొరికితే వాళ్ల చేతుల మీదుగ కానియ్యండి' అని ఏడ్చింది."

గుమ్మంలో తుల్సీబాయి అంతా విన్నది.

"ఇంకేం చూస్తున్నవురా? రూప్లా మనుమడు ఆయన. నీకు అన్నయితడు."

సక్రు వెళ్లాడు. జనగామ శ్మశానంలో సొంత అన్నకు చేసినట్టే అన్నీ చేసి, చితికి నిప్పు పెట్టాడు. గణపతి కట్టెలు మోశాడు. 

దీపావళికి ముందు బలరాం కూతురు గీత అస్థికల కోసం తండాకు వచ్చింది.

తుల్సీబాయి ఆమెను వాటేసుకుని రాగం తీసి ఏడ్చింది. చాలాకాలానికి అయినవాళ్లు కనిపిస్తే లంబాడీ ఆడవాళ్లు అలాగే పాటగా ఏడుస్తారు. రూప్లాను తలచుకుని, చూడని ఆయన కొడుకును తలచుకుని, పొయ్యి దాకా వచ్చిన మనవణ్ని వెళ్లగొట్టుకున్నామని ఏడ్చింది.

గీత కదలకుండా ఆ ఏడుపంతా విన్నది. పాట ఆగాక సక్రు హిందీలో చెప్పాడు.

"బిడ్డా, మా రూప్లా తాత మనుమడిని పట్టుకొని పరాయోడని అన్న. తప్పయింది."



"మేము రూప్లా వాళ్లం కాదు," అంది గీత. "మా పెద్దలది బిహారు. మా ముత్తాత ఆయనతోపాటు అక్కడ శిక్ష అనుభవించాడు."

"మరి రూప్లా పిల్లలు?"

"పెళ్లే కాలేదు. జ్వరంతో అక్కడే పోయాడు. మీలో పెళ్లికానివాళ్లను కాల్చరట కదా. సముద్రం ఒడ్డున మా ముత్తాతే గొయ్యి తవ్వి పూడ్చాడు."

తుల్సీబాయి కొడుకు ముఖంలోకి చూసింది. సక్రు తలదించుకుని, ఆ మాటలు తల్లికి తమ భాషలో చెప్పాడు.

గీత మెల్లగా అంది.

"'నేను పోయానని ఇంట్లో తెలిస్తే తప్ప నన్ను అన్నానికి పిలవరు' అని రూప్లా చివరిదాకా ఏడ్చాడట. మా ముత్తాత రాలేకపోయాడు, తాత రాలేకపోయాడు. ఆ ఒక్క కబురు మీకు చెప్పిపోదామని నాన్న వచ్చాడు."