ట్రామ్ పట్టాల వైపు

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మా కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు నేను హెడ్ కోచ్‌ని. రెండేళ్లుగా ఇల్మెనౌ జట్టు చేతిలో చిత్తుగా ఓడుతున్నాం. ఈసారీ ఓడితే నా ఉద్యోగం ఊడుతుంది.

ఒక గోల్ వెనకబడి ఉండగా, ఆఖరి నిమిషంలో మాకు పెనాల్టీ దొరికింది. ఆ గోల్‌కి కుడి పక్కన, మైదానం అవతల ట్రామ్ పట్టాలున్నాయి.

మావాళ్లంతా తెలుగమ్మాయిలే. అందుకే వ్యూహాలన్నీ తెలుగులోనే అరిచి చెబుతాను. ఈ దేశంలో ఎవరికి అర్థమవుతుందని నా ధీమా.

"రాజ్యశ్రీ! ట్రామ్ పట్టాల వైపు కొట్టవే!"

అటే కొట్టింది. ఊలు టోపీ కళ్లదాకా లాక్కున్న ఇల్మెనౌ గోల్‌కీపర్ కూడా అటే దూకి బంతి పట్టేసింది.

ఓడినా మర్యాద తప్పదుగా. వెళ్లి "గుట్ గెష్పీల్ట్" అని, బాగా ఆడావని జర్మన్‌లో మెచ్చుకుని చెయ్యి కలిపాను.

ఆ పిల్ల టోపీ తీసి నవ్వింది.

"థాంక్సక్కా! మాది ఖమ్మం. రెండేళ్ల నుంచి మా టీమ్‌కి కూడా మీరే కోచ్."