పెదవి ఆనని గ్లాసు

కనిగిరి చుట్టుపక్కల ఇంటింటికీ వాననీటి తొట్టి వచ్చింది. తొట్టితోపాటు మనిషికో గ్లాసు ఇచ్చారు. అంచుకు పెదవి ఆనగానే ఒంట్లో సంగతి ఆసుపత్రికి చేరవేస్తుందది. మాలకొండమ్మ ఇంటి గ్లాసులు మాత్రం నెల్లాళ్ళుగా ఉలకలేదు, పలకలేదు. ఆరోగ్య కార్యకర్త చెన్నయ్య కంగారుగా వచ్చాడు.

“దివిజా, నీళ్ళు తాగట్లేదంటమ్మా? ఏడోనెల గదా!”

“కడుపునిండా తాగుతుందిలే, పైనుంచి పోసుకొని. గ్లాసు ఎంగిలి చేసే అలవాటు మా ఇంట్లో లేదయ్యా,” అంది అత్త మాలకొండమ్మ.

దివిజ పాదాలు వాచి ఉన్నాయి. చెన్నయ్య సంచిలో ఇప్పుడు పరికరాలేమీ ఉండవు, అన్నీ ఆ గ్లాసులోనే.

“మా ఆవిడకీ ఇట్టాగే వాచాయక్కా. అప్పట్లో చెప్పే గ్లాసు లేకపాయె. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కలేదు,” అన్నాడు మెల్లగా.

మాలకొండమ్మ తొట్టి దగ్గరికి నడిచింది. తన గ్లాసు నింపుకొని, అంచుకు పెదవులు ఆనించి, పసిపిల్లలా పైటంతా తడుపుకుంటూ తాగింది.

“నేనే చేశాగా ఎంగిలి. ఇంక నీకేందే సిగ్గు? తాగు.”

దివిజ తాగింది. గ్లాసు అంచు ఎర్రగా వెలిగింది. వెంటనే చెన్నయ్య ఫోనుకు ఆసుపత్రి బండి బయల్దేరిందని కబురొచ్చింది.

కోడలి వాచిన పాదాలకు చెప్పులు తొడుగుతూ మాలకొండమ్మ అంది: “ఆ గ్లాసు కడగబాక. అట్టాగే తెచ్చుకో.”