ఎద్దుకొండ

“దానమ్మక్కా, ఎద్దుకొండ మూపురం కుడివైపుండేదా, ఎడమవైపా?”

నిచ్చెన మీద నుంచే అడిగాడు పెయింటర్ ఖాజావలి. పర్యావరణ దినోత్సవం వస్తోందని క్వారీ కంపెనీ బడి గోడ మీద ఊరి బొమ్మ వేయిస్తోంది. ఊరి వెనక పచ్చటి కొండ ఉండాలన్నారు. ముప్పయ్యేళ్లు ఆ కొండ ఎదురుగానే బతికిన మనిషికి ఇప్పుడు దాని ఆకారం గుర్తు రావడంలేదు. అలవాటుగా వెనక్కి తిరిగి చూశాడు. క్వారీ గుంట కనపడింది, దాని మీద ఆకాశం.

“ఏందబ్బాయ్ చూస్తన్నావు? అది పోయి ఆరేళ్లాయె,” అంది దానమ్మ, సున్నం బకెట్ కడుగుతూ. ఆమె సున్నం బట్టీలో పనిచేస్తుంది. నిన్న ఈ గోడకి సున్నం కొట్టింది కూడా ఆమే.

“అంత కొండ ఎటు పోయిందక్కా?”

“ఎటు పోద్ది? మా బట్టీలో కాలింది. ఆ రాయి కుప్పలు ఇంకా మా కాడే ఉండాయి. నిన్న నే కొట్టిన సున్నం మరి యాడిదనుకున్నావు?”

ఖాజావలి అరచేత్తో గోడని తాకాడు. చేతికి తెల్లగా అంటింది. కోపం రాలేదు, బాధా రాలేదు. చెయ్యి లుంగీకి తుడుచుకుని కుంచె అందుకున్నాడు. ఇళ్లు వేశాడు, మిరప చేలు వేశాడు.

సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చాడు.

“కొండ ఏదయ్యా? వెనకంతా తెల్లగా వదిలేశావేంది?”

“అదే సార్ కొండ,” అన్నాడు ఖాజావలి, కుంచె కడుక్కుంటూ. “దానమ్మక్క నిన్ననే రెండు పూతలు పూసింది.”